అమ్మ ముక్కుతో చేసిన సెంటు

పోయిన వారం ఎదురింటావిడ మా పాపని ఎత్తుకుని ముద్దు చేస్తూ, హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న సీసా తీసి పాప చెవి వెనక కాస్త సెంటు రాసింది. ప్రేమతోనే రాసింది. మల్లెల వాసన. నేను పాపని ఆవిడ చేతుల్లోంచి దాదాపు లాక్కుని లోపలికి తీసుకుపోయి, నాలుగు నెలల పిల్లకి ఆ రోజు రెండోసారి స్నానం చేయించాను. తిరిగి వచ్చేసరికి ఆవిడ వెళ్ళిపోయింది. "ఒక్క చుక్క సెంటుకి ఇంత గోలేమిటి?" అన్నాడు మా ఆయన. ఒక్క మాటలో చెప్పగలిగే జవాబు నా దగ్గర లేదు. పాప నిద్రపోయిన ఈ కాస్త వ్యవధిలో ఆ జవాబు రాద్దామని కూర్చున్నాను.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నాన్న పనిచేసే సబ్బుల ఫ్యాక్టరీ మూతపడింది. క్వార్టర్ ఖాళీ చేసి, శేరిలింగంపల్లి దాటాక రాళ్ళగుట్టల కింద ఉన్న ఒక ఊళ్ళో రెండు గదుల ఇంట్లోకి కిరాయికి దిగాం. గోదావరి పక్క నుంచి వచ్చిన మాకు ఆ రాళ్ళు వింతగా ఉండేవి. ఎవరో తీరిగ్గా కూర్చుని ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉండేవి. సందుల్లో సీతాఫలం పొదలు. కింద ఎండిపోతున్న ద్రాక్ష పందిళ్ళు. ఇంకాస్త దూరంలో రేకుల ప్రహరీ వెనక ఒక గుండ్రటి భవనం లేస్తూ ఉండేది. రోజూ సాయంత్రం అటువైపు సైరన్ మోగేది, తరవాత రాయి పేలేది. ఇంటావిడ గేదె ఉలిక్కిపడి లేచి నిలబడేది. మా ఆవకాయ జాడీ మూత మీద తెల్లటి రాతిపొడి పేరుకునేది. దీపావళి మర్నాడు ఉండే వాసన ఆ ఊరికి ఏడాది పొడుగునా ఉండేది.

ఇంటావిడని అవ్వా అనేవాళ్ళం. పెద్ద బొట్టు, చేతుల నిండా పచ్చబొట్లు. ఇంటి వెనక ఆవిడకి మల్లెతోట ఉండేది. మిట్టమధ్యాహ్నం ఎండలో, మొగ్గ విచ్చకముందే, అవ్వా ఆవిడ కోడలూ మొగ్గలు తెంపి తడిగుడ్డలో మూట కట్టేవాళ్ళు. ఆ మూట బస్సులో నగరం పూలమార్కెట్‌కి పోయేది. మిగిలిన గుప్పెడు మొగ్గలు నా జడకి.

నాన్నకి ఆలోచన ఆ గుప్పెడు మొగ్గల దగ్గరే వచ్చిందనుకుంటాను. ఆ గుండ్రటి భవనంలోకి వేలమంది ఆడపిల్లలు కంప్యూటర్ ఉద్యోగాలకి వస్తారని అందరూ అనేవారు.

"ఆ పిల్లలు బస్సులో నిలబడి వస్తారు," అన్నాడు నాన్న అమ్మతో. "దిగి ఆఫీసులోకి అడుగు పెట్టేటప్పుడు చెమట వాసన రాకూడదు. పూలు పెట్టుకుంటే పల్లెటూరిదంటారు. అత్తరు రాసుకుంటే ముసలివాసన. విదేశీ సెంటు కొనలేరు. వాళ్ళకో సెంటు కావాలి. పొద్దున రాసుకుంటే మధ్యాహ్నం భోజనం దాకా ఉండాలి. దగ్గరికొచ్చిన మనిషికే తెలియాలి, పక్క సీటుకి తెలియకూడదు."

"మీరు చేస్తారా?" అంది అమ్మ.

"సబ్బులో వేసింది సీసాలో వేయలేనా?"

ద్రాక్ష పెట్టెలు పెట్టుకునే రేకుల షెడ్డు ఖాళీగా ఉంటే అవ్వ ఊరికే వాడుకోమంది. నాన్న అక్కడ బల్ల వేసి, గోధుమరంగు సీసాలు వరసగా పేర్చాడు. వాటి పేర్లు నాకు నోరు తిరిగేవి కావు. నాకు నా పేర్లుండేవి: అరటిపండు సీసా, పచ్చగడ్డి సీసా, ద్రాక్ష సీసా, గులాబీ సీసా. చివర, మూత మీద మరో మూత బిగించి, చిన్న సీసా ఒకటి ఉండేది. అది తెరిస్తే బట్టల పెట్టెలో వేసే కలరా ఉండల వాసన, దాని వెనక ఇంకేదో చచ్చిన వాసన.

"ఇది కూడా మల్లెలోదేనా?" అని ముక్కు మూసుకున్నాను.

"మల్లెలోదే. వెయ్యి చుక్కల్లో ఒక్క చుక్క. అది లేకపోతే సబ్బు. ఉంటే పువ్వు," అన్నాడు నాన్న. "రెండు చుక్కలైతే మాత్రం ఇంట్లో ఉండలేం."

అవ్వ ఓసారి షెడ్డులోకి తొంగిచూసి నవ్వింది. "పూలు లేకుంట పూల వాసన దీస్తవా సారూ? మా తోటల పూలన్ని గుంజుకో, నేనేమన్న వద్దన్ననా?"

"మీ తోట మొత్తం పిండినా సీసా నిండదు అవ్వా. నిండినా దాన్ని రాణులే కొనాలి."

"గట్లయితె కానీ. మల్లెపూలకు మల్ల నా బర్రెపాలు గిట్ల కలుపకు."

గేదె మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. నాన్న పారేసే కాగితం ముక్కలన్నీ నావే. పాత శుభలేఖల అంచులు సన్నగా కత్తిరించి, వాటిని సెంటులో ముంచి వాసన చూసేవాడు. వాటిని పుస్తకంలో దాచి, బళ్ళో ఒక్కో ముక్కకి ఒక్కో బలపం తీసుకునేదాన్ని. ఒకరోజు పారబోయమని ఇచ్చిన గులాబీ సీసా అడుగంతా గేదె నుదుటి మీద పోశాను. అది సాయంత్రం దాకా తుమ్ముతూనే ఉంది, పాలు చేపలేదు. అవ్వ దాన్ని వాసన చూసి, నన్ను చూసి, "పెండ్లిపిల్లను చేసినవు కదనే దీన్ని, ఇగ పిలగాన్ని గూడ నువ్వే సూడు," అంది. అమ్మ మాత్రం వీపు మీద ఒకటి ఇచ్చింది.

సెంటు చేసేవాడి ముక్కుని సెంటు చేసేవాడే నమ్మకూడదనేది నాన్న ఫ్యాక్టరీలో నేర్చుకున్న నియమం. పావుగంట ఆ సీసాల మధ్య కూర్చుంటే ముక్కు మొద్దుబారుతుంది. అప్పుడు బయటి మనిషి వచ్చి వాసన చూసి చెప్పాలి. నాన్నకి ఆ బయటి మనిషి ఎప్పుడూ అమ్మే. క్వార్టర్స్‌లో ఉన్నప్పుడు కొత్త సబ్బు వస్తే నాన్న ముందు అమ్మకి తెచ్చి చూపించేవాడు. ఒకసారి అమ్మ వాసన చూసి, "దీంట్లో ఎవరో కనరు నూనె కలిపారు," అంది. నిజంగానే కలిపారు. అప్పటి నుంచి నాన్నకి ఆ ముక్కు మీద గురి. ఇల్లు గడవడం కూడా ఇప్పుడు ఆ ముక్కు మీదే ఆధారపడింది. బేగంబజార్‌లో ఒక సేటు, శ్రావణం పెళ్ళిళ్ళ లోపు మంచి సరుకు తెస్తే తన కొట్లో పెడతానన్నాడు.

రోజూ మధ్యాహ్నం నాన్న పిలిచేవాడు. అమ్మ చేతులు కడుక్కుని వెళ్ళి స్టూలు మీద కూర్చుని, కాగితం ముక్క ముక్కు కింద ఆడించి, కళ్ళు మూసుకునేది. నాన్న పెన్ను పట్టుకుని ఎదురుచూసేవాడు.

ఎండలు ముదరకముందే ఒకరోజు, షెడ్డు నుంచి వచ్చిన అమ్మ గబగబా వెనక్కి వెళ్ళింది. వెంట వెళ్ళాను. సీతాఫలం పొద దగ్గర వంగి వాంతి చేసుకుంటోంది. నన్ను చూసి మూతి తుడుచుకుని, మట్టి కప్పి, నా చెయ్యి పట్టుకుంది.

"నీకు తమ్ముడో చెల్లెలో," అంది. "నాన్నకి చెప్పకు."

నా తరవాత ఇద్దరు నిలవలేదు. రెండుసార్లూ నాన్న సంతోషం పట్టలేక రెండో నెలలోనే ఫ్యాక్టరీ అంతా స్వీట్లు పంచాడు. రెండుసార్లూ ఆ నెల తిరగలేదు. దిష్టి తగిలిందనే అమ్మ నమ్మింది. ఈసారి కడుపులో బిడ్డ కదిలేదాకా, అంటే ఐదో నెల దాకా, ఎవరికీ చెప్పనని, నాన్నకి కూడా చెప్పనని మొక్కుకుంది.

"నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టెయ్యి," అంది. వేశాను. ఒట్టు తప్పితే ఎవరి తల మీద వేశామో వాళ్ళు చచ్చిపోతారనడంలో ఆ వయసులో నాకు అనుమానం లేదు.

మా ఇంట్లో నెలకి మూడు రోజులు అమ్మ బయట కూర్చునేది. వసారాలో చాప, వేరే కంచం, వేరే గ్లాసు. ఆ మూడు రోజులూ నాన్న వండేవాడు. అమ్మ బయట కూర్చోకపోతే నాన్నకి తెలిసిపోతుంది. అందుకని అమ్మ నెలనెలా లెక్క తప్పకుండా వెళ్ళి ఆ చాప మీద కూర్చుంది. ముట్టు లేకుండానే. నాన్న మాడిన పప్పు, గంజి వార్చని అన్నం దూరం నుంచి కంచంలో జార్చేవాడు. అలా కూర్చున్న ఆడమనిషి షెడ్డులోకి రాకూడదు కాబట్టి ఆ మూడు రోజులూ వాసన చూసే పని ఉండేది కాదు. ఆ మూడు రోజులే అమ్మ తిన్నది కడుపులో నిలిచేది. నాలుగో రోజు తలంటు పోసుకుని మళ్ళీ స్టూలు మీద కూర్చునేది.

"తీపి ఎక్కువైంది," అనేది. నాన్న అరటిపండు సీసా తగ్గించేవాడు.

"ఇంకా తీపిగానే ఉందండీ. కడుపులో తిప్పుతోంది."

"తిప్పడమేంటి?"

"అంటే, వెగటుగా ఉంది."

గులాబీ తగ్గింది. ద్రాక్ష పూర్తిగా పోయింది. ఒకరోజు నాన్న పొరపాటున చిన్న సీసాది ఒక చుక్క ఎక్కువ వేసిన కాగితం ఇస్తే, అమ్మ చాలాసేపు దాన్ని ముక్కు దగ్గరే ఉంచుకుంది. "ఇది బాగుంది," అంది. "ఇది కాస్త ఊపిరాడనిస్తోంది." నాన్న ఆశ్చర్యంగా చూశాడు. తను మళ్ళీ వాసన చూశాడు. అప్పటికి ఆయన ముక్కు మొద్దుబారి ఉంది. పుస్తకంలో రాసుకున్నాడు.

అవ్వకి ఎవరూ చెప్పలేదు. ఒక పొద్దున జొన్నరొట్టె, పచ్చి చింతకాయ తొక్కు తెచ్చి అమ్మ ముందు పెట్టి, అమ్మ తినే తీరు చూస్తూ కూర్చుంది.

"ఎన్నో నెల బిడ్డా?"

అమ్మ తొక్కు గిన్నె పక్కకి జరిపింది.

"నాకు తెల్వదా? ఎనమండుగుర్ని గన్న. నీళ్ళు బోసుకున్నదానివి ఆ మందు వాసనల్ల కూసుంటవా? ఆయనకు జెప్పు. జెప్పి ఇంట్ల పండు."

"ఐదో నెలలో చెబుతానవ్వా. మీరూ చెప్పకండి. ఇప్పుడు ఈ పని ఆగిపోతే మా పని అయిపోయినట్టే. ఆయనకింకే ఆధారం లేదు."

"ఆధారం మల్ల దొరుకుతది. పానం దొరుకుతదా?" అని అవ్వ లేచింది. కానీ ఆవిడా చెప్పలేదు. ఆడవాళ్ళ మాట మగవాళ్ళ చెవిన వేయడం ఆవిడ పద్ధతి కాదు.

ఆ రోజు తోటలో మొగ్గలు ఏరుతూ అవ్వని అడిగాను. "ఒట్టు తప్పితే నిజంగా చచ్చిపోతారా?"

"ఏం దొంగతనం జేసినవే?"

"చింతకాయలు."

"గంతేనా? ఒట్టు దీసి గట్టు మీద పెట్టు, పోతది."

నేను తోట గట్టు మీదికి వెళ్ళి, అమ్మ తల మీద వేసిన ఒట్టుని రెండు చేతులతో తీస్తున్నట్టు తీసి, ఒక రాయి కింద పెట్టాను. మూడుసార్లు పెట్టాను. నాన్నకి చెప్పేద్దామనే షెడ్డుకి వెళ్ళాను. ఏం చెప్పాలో కూడా అనుకున్నాను. నాన్న సీసాలకి చీటీలు అంటిస్తున్నాడు. నా వైపు చూడకుండానే ఆయనే అడిగాడు.

"అమ్మకి ఒంట్లో బాగుంటోందా? ముఖం పీక్కుపోయింది. తీపంటే పడి చచ్చే మనిషి, ప్రతిదానికీ తీపి తగ్గించమంటోంది. నువ్వు ఇంట్లోనే ఉంటావు కదా. ఏమన్నా చెప్పిందా నీకు?"

చింతకాయల ఒట్టుకి పనిచేసే మంత్రం అమ్మ తల మీది ఒట్టుకి పనిచేస్తుందా అని నాకు అప్పుడు అనుమానం వచ్చింది. అవ్వకి నేను చెప్పింది అబద్ధం కదా. షెడ్డులో రేకులు ఎండకి టకటకమంటున్నాయి.

"బాగానే ఉంది నాన్నా," అన్నాను.

"అయితే సరే," అని నాన్న ఇంకో చీటీ తీసుకున్నాడు.

ఆ తరవాత వారానికి అమ్మ ఒక కాగితం వాసన చూసి, "ఇదే. ఇంక మార్చకండి," అంది. నాన్న పెద్ద గాజు జాడీల్లో కలిపాడు. వేలెడు సీసాలు కడిగి, ఆరబెట్టి, నింపాం. మూత బిగించడం నా పని. వానలు మొదలయ్యే వేళకి షెడ్డు నిండా సీసాలు.

బేగంబజార్‌కి నన్ను కూడా తీసుకెళ్ళాడు. మియాపూర్ దాకా షేరు ఆటోలో, అక్కడి నుంచి బస్సులో. సంచీ తన ఒళ్ళో పెట్టుకుని, నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకున్నాడు. సేటు కొట్టు ఇరుగ్గా, చల్లగా ఉంది. ఆయన చొక్కా చేతులు పైకి మడుచుకుని మణికట్టు మీద ఒక చుక్క రాసుకున్నాడు. చూశాడు. మళ్ళీ వాసన చూశాడు. లోపలున్న గుమాస్తాని పిలిచి చెయ్యి చాపాడు. గుమాస్తా వాసన చూసి, ముక్కు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

"సార్, ఏమనుకోకు," అన్నాడు సేటు. గొంతు మెత్తగానే ఉంది. "సరుకు నకిలీ అంటలేను. మల్లెనే. అసల్ మల్లెనే. కానీ మా అమ్మ గుజర్ గయినప్పుడు, ఊరి నుంచి తమ్ముడు వచ్చేదాక రెండు రోజులు శవం ఇంట్లనే ఉంచినం. మీద పూలున్నయి. ఇంట్ల గిదే వాసన." సీసా మూత బిగించి నాన్న చేతిలో పెట్టాడు. "దీన్ని పెండ్లికి ఎవరు కొంటరు, చెప్పు. పాపకు చాయ్ తాపియ్యాల్నా?"

తిరుగు బస్సులో నాన్న ఒక సీసా తెరిచి గట్టిగా పీల్చాడు. షెడ్డుకి దూరంగా, బయటి గాలికి తేరుకున్న ముక్కు. మూత పెట్టేశాడు.

గుమ్మంలో అమ్మ కూర్చుని ఉంది. ముందు ఒక సీసా, మూత తీసి. ఆ వారమే అమ్మకి వాంతులు తగ్గాయి. మధ్యాహ్నం అన్నం తిని, చాలా నెలలకి మొదటిసారి కడుపు తేలిగ్గా ఉండి, ఊరికే ఒక సీసా తెరిచి చూసిందట.

"నేను చెప్పింది తప్పండి," అంది, మేం చెప్పులు విప్పకముందే. "అప్పుడు నాకు ఆ చిన్న సీసా వాసన ఒక్కటే వాంతి రానిచ్చేది కాదు. మిగతావన్నీ తిప్పేవి."

నాన్న సంచీ కింద పెట్టాడు. "వాంతేంటి?"

అమ్మ చెయ్యి కడుపు మీదికి పోయింది.

"ఎన్నో నెల?"

"ఐదు వచ్చింది. నిన్ననే కదిలాడు. చెబుదామనే."

"మరి నెలనెలా కూర్చున్నావు కదా."

నాన్న వసారాలో గోడకి చుట్టిపెట్టిన చాపని చూశాడు. తరవాత బోరింగు దగ్గరికి వెళ్ళి మోచేతుల దాకా చేతులు కడుక్కున్నాడు. సబ్బు అరిగిపోయేదాకా కడిగాడు. సీసాలన్నీ మోసుకెళ్ళి గుట్ట వెనక రాళ్ళ మీద పోశాడు. వాన పడినప్పుడల్లా ఆ వాసన లేచేది. చీమలు కూడా అటు పోయేవి కావు.

ఆ రోజు నుంచి అమ్మ షెడ్డు వైపు అడుగు పెట్టలేదు. నాన్న ఆమెని దవాఖానకి తీసుకెళ్ళాడు, పాలు తాగించాడు, నీళ్ళ బిందె ఎత్తనివ్వలేదు. ఏడో నెలలో ఒక ముసురు రోజున అమ్మకి నొప్పులొచ్చాయి. కొత్త రోడ్డు కోసం అంతా తవ్వేసి ఉంది. ఆటో చుట్టూ తిరిగి పోవలసి వచ్చింది. తమ్ముడు పుట్టాడు. దీపాలు పెట్టే వేళ దాకా ఉన్నాడు.

"సెంటు వల్లేనా?" అని నాన్న డాక్టరుని అడిగాడు. అవుననీ చెప్పలేం, కాదనీ చెప్పలేం అన్నారు.

అవ్వ తన తోట మూలన చోటు చూపించింది. "మా చిన్నోడు గూడ గీడనే ఉన్నడు. జోడు ఉంటడు," అంది. తన కొడుకూ ఒకడు పసితనంలోనే పోయాడని మాకు అప్పుడే తెలిసింది. మరుసటేడు భవనాల కోసం ఆ తోట పోయింది. అవ్వ కోడలు మొక్కలు పీకి పొయ్యిలో పెట్టింది. ఇప్పుడు నానక్‌రామ్‌గూడ వైపు వెళ్ళేటప్పుడు కారు కిటికీలోంచి చూస్తుంటాను. అద్దాల మేడల మధ్య ఏది ఆ మూలో నాకు తెలియదు. వాటికి భూమి లోపల మూడేసి అంతస్తులు ఉంటాయట, కార్లు పెట్టుకోవడానికి. అంత లోతు తవ్వారంటే, అక్కడ ఏమీ మిగిలి ఉండదు.

నాన్న జీడిమెట్లలో ఒక ఫినాయిలు కంపెనీలో చేరాడు. రిటైరయ్యేదాకా అక్కడే. మల్లె వాసన వేసిన ఫినాయిలు ఆయన చేసిందే. అది బాగా అమ్ముడయింది. ఆ గుండ్రటి భవనం బాత్‌రూముల్లో కూడా వాడేవారట. తన చేతులే ఆ బిడ్డని చంపాయని ఆయన అనుకున్నాడు. ముట్టు కాకుండా ముట్టు కూర్చున్న పాపం అని అమ్మ అనుకుంది. నేను అనుకున్నది నేను ఎవరికీ చెప్పలేదు. ముగ్గురం ఒకే ఇంట్లో అన్నేళ్ళు ఉన్నాం, ఒక్కసారీ ఆ మాట ఎత్తలేదు. నాన్న ఎత్తకుండానే పోయాడు.

నాకు నెల తప్పిందని తెలిసిన గంటలో మా ఆయనకి చెప్పాను, అత్తగారికి, ఆఫీసులో మేనేజరుకి, పనిమనిషికి కూడా చెప్పాను. అంత తొందరేమిటని అందరూ నవ్వారు. పురిటికి అమ్మే మా దగ్గరికి వచ్చి మూడు నెలలు ఉంది. ఊరెళ్ళే ముందు రోజు పాపకి నూనె రాస్తోంది. నేను పక్కన కూర్చుని, ఎందుకో, ఇన్నేళ్ళ తరవాత చెప్పేశాను. ఆ రోజు షెడ్డులో నాన్న నన్నడిగాడని, బాగానే ఉందని నేనే చెప్పానని.

"తెలుసు," అంది అమ్మ. "నేను రేకు అవతలే ఉన్నాను. పిలుస్తారని చేతులు కడుక్కుని వస్తున్నాను."

"విన్నావా?"

"విన్నాను. అక్కడే నిలబడిపోయాను. నువ్వు చెప్పేస్తావనుకున్నాను. నా నోటితో నేను చెప్పలేను, మొక్కు కదా. నువ్వు చెప్పేస్తే ఇంక ఆ వాసనలు చూడక్కర్లేదు అనుకున్నాను." పాప కాలు చాపి, మోకాలి కింద నూనె అద్దింది. "నువ్వు చెప్పలేదు. ఒట్టంటే ఒట్టే, నా పిల్ల మంచిది అనుకున్నాను. అనుకుని లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చున్నాను."